కూరగాయల కత్తికి పాస్‌పోర్ట్: లెస్టర్‌లో మా సూపర్ మార్కెట్ వయసు చెకింగ్ మీద రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది సరుకుల రివ్యూ కాదు. సరుకుల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది: పాలు, గుడ్లు, టమాటాలు బాగుంటాయి, బియ్యం మనకు పనికిరావు, కొత్తిమీర నాలుగు కాడలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్ముతారు కాబట్టి దానికి మెల్టన్ రోడ్డు గుజరాతీ షాపులే దిక్కు. నేను రాసేది బిల్లు కౌంటర్ దగ్గర వయసు రుజువు అడిగే వ్యవహారం గురించి. సెప్టెంబర్‌లో మనవాళ్లు ఒక బ్యాచ్ దిగుతారు, జనవరిలో ఇంకో బ్యాచ్, ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు: "అన్నా, కత్తి కొంటే ఐడీ అడిగారు, ఇది మామూలేనా?", "ఆధార్ చూపిస్తే నవ్వింది, ఎందుకు?" అని. ఒకసారి పూర్తిగా రాసి పడేస్తే ఇక లింకు పంపొచ్చు.

షాపు పేరు రాయను. ఇంగ్లండ్‌లో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్లినా పద్ధతి ఇంచుమించు ఇదే, తేడా అంతా ఆ రోజు కౌంటర్లో ఎవరున్నారన్న దాంట్లోనే. ఆ తేడా గురించే నా కంప్లైంట్ కూడా, అది కింద చెప్తా.

ముందు రూలు అర్థం చేసుకుందాం, ఎందుకంటే మనవాళ్లలో సగం మంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుని కోపం తెచ్చుకుంటారు. మందు కొనడానికి ఇక్కడ వయసు 18. సిగరెట్లకూ 18, 2007 అక్టోబర్ దాకా 16 ఉండేది. కానీ షాపుల్లో గోడల మీద, టిల్స్ (అంటే బిల్లు కౌంటర్లు) మీద "ఛాలెంజ్ 25" అని స్టిక్కర్ కనిపిస్తుంది. దానర్థం 25 నిండితేనే ఇస్తారని కాదు. చూడ్డానికి 25 లోపు అనిపించినవాళ్లందరినీ ఆపి, 18 నిండిందని కార్డు చూపించమంటారు, అంతే. పదిహేడేళ్ల పిల్లాడికీ పంతొమ్మిదేళ్ల పిల్లాడికీ తేడా మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆ ఏడేళ్లు అదనంగా వేసుకున్నారు. మొదట్లో ఇది 21గా ఉండేది. ఇంగ్లండ్‌లో ఈ 25 అనే అంకె చట్టంలో ఎక్కడా లేదు, మందు అమ్మే లైసెన్స్ ఉన్న ప్రతి షాపూ వయసు చెక్ చేసే పాలసీ ఒకటి పెట్టుకోవాలన్నదే షరతు, 25 అన్నది షాపులు తమంతట తాము పెట్టుకున్న గీత. స్కాట్లండ్‌లో అయితే 2011 అక్టోబర్ 1 నుంచి అది చట్టమే. గ్లాస్గోలో ఉన్న మా ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్లినప్పుడు చూశా, అక్కడ ఇంకో తమాషా కూడా ఉంది, పొద్దున 10కి ముందూ రాత్రి 10 తర్వాతా షాపులో మందు అమ్మకూడదు. మీకు అరవై ఏళ్లున్నా సరే, పదీ ఐదుకి వెళ్తే ఉత్త చేతులతో రావాల్సిందే.

కాబట్టి "నాకు 27 ఏళ్లు, ఎంబీఏ చేస్తున్నా, నన్ను అడుగుతాడా" అని ఫీలవడం వేస్ట్. మనవాళ్లు సన్నగా ఉంటారు, గడ్డం గీసుకుంటే ఇంటర్ పిల్లల్లా కనిపిస్తారు, ముప్పై దాటినవాళ్లను కూడా అడగడం నేను చూశా. మా ఇంట్లో ఉండే అమ్మాయికి 29, ఆమెను ప్రతిసారీ అడుగుతారు, ఆమె దాన్ని పొగడ్త కింద తీసుకుంటుంది. మంచి పద్ధతి.

ఇక అసలు సరదా. మందుకూ సిగరెట్లకూ అడుగుతారంటే ఎవరికైనా అర్థమవుతుంది. షాక్ తగిలేది వంటింటి సామాన్ల వరుసలో. కూరగాయలు కోసుకునే కత్తిని 18 నిండనివాళ్లకు అమ్మడం ఇక్కడ నేరం. ఒక్క కత్తయినా, చెక్క దిమ్మలో గుచ్చిన ఐదు కత్తుల సెట్టయినా, రొట్టె కోసే రంపపు పళ్ల కత్తయినా అంతే. మూడంగుళాల లోపు బ్లేడు ఉండే మడతపెట్టే జేబు కత్తికి చట్టంలో మినహాయింపు ఉంది, ఉల్లిపాయలు తరిగే దానికి మాత్రం లేదు. రోడ్ల మీద కుర్రాళ్లు కత్తులతో పొడుచుకోవడం ఈ దేశంలో చాలా పెద్ద సమస్య, అందుకే ఇంత బిగింపు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ కొత్త ఇంట్లో దిగి, గిన్నెలు, గరిటె, ప్రెషర్ కుక్కర్ అన్నీ బుట్టలో వేసుకుని, ఆకలితో కౌంటర్ దగ్గరికి వచ్చిన పిల్లాడికి ఎర్ర లైటు వెలిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా షాపులో కత్తెరకు కూడా అడుగుతారు. మన కత్తిపీట గనక ఇక్కడ అమ్మితే దానికి ఏకంగా పోలీస్ వెరిఫికేషన్ పెట్టేవాళ్లేమో.

ఇంకా ఉన్నాయి. ఎనర్జీ డ్రింకులు, అంటే లీటరుకు 150 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ కెఫీన్ ఉన్నవి, 16 లోపు వాళ్లకు అమ్మబోమని పెద్ద సూపర్ మార్కెట్లన్నీ 2018లో తమంతట తామే నిర్ణయించుకున్నాయి. లాటరీ టికెట్ వయసు 2021లో 16 నుంచి 18కి పెరిగింది. స్ప్రే పెయింట్ డబ్బాకు 16. క్రిస్మస్ డిన్నర్‌లో ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగితే టప్‌మని పేలే కాగితపు గొట్టాలుంటాయి చూశారా, క్రాకర్స్ అంటారు, వాటికీ వయసుంది, 12. దీపావళికి ఐదేళ్ల వాడి చేతిలో చిచ్చుబుడ్డి పెట్టే జాతి మనది, ఇది చదివి ఏమంటారో మీ ఇష్టం. ఆల్కహాల్ లేని బీరుకు కూడా మా షాపులో మెషీన్ ఆగుతుంది, అది పాలసీ అట, సీసా అలాగే ఉంటుంది కాబట్టి. పారాసిటమాల్ మాత్రం వేరే లెక్క, అక్కడ వయసు కంటే కౌంటు ముఖ్యం: పదహారు మాత్రల ప్యాకెట్లు రెండే ఇస్తారు, మూడోది స్కాన్ చేస్తే మెషీన్ ఒప్పుకోదు. 1998 నుంచి ఇక్కడ ప్యాకెట్ సైజులు తగ్గించారు, ఒక్కసారిగా ఎక్కువ మింగి ప్రాణాలు తీసుకునేవాళ్లను ఆపడానికి. మూల మీద మెడికల్ షాపులో డోలో స్ట్రిప్పులు స్ట్రిప్పులుగా కొనుక్కొచ్చిన అలవాటు మనది, రూమ్‌లో నలుగురికి జ్వరం వస్తే రెండు ప్యాకెట్లు ఏ మూలకు అని విసుక్కుంటాం కానీ కారణం తెలిశాక నేను నోరెత్తలేదు.

ఇంత పెద్ద లిస్టు ఉంది కదా, మరి షాపులో ఎక్కడైనా రాసి పెట్టారా? లేదు. మందు వరుసలో ఒక బోర్డు ఉంటుంది, సిగరెట్ల కౌంటర్ దగ్గర ఒకటి. కత్తుల దగ్గర లేదు, ఎనర్జీ డ్రింకుల దగ్గర లేదు. బిల్లు దగ్గర ఆపే వస్తువుకు అరలో ధర పక్కనే చిన్న గుర్తు పెడితే ఏం పోతుంది? ధర చీటీలు వారం వారం మారుస్తూనే ఉంటారుగా. ఇందుకు నేను ఒక స్టార్ కోస్తున్నా.

సెల్ఫ్ చెకౌట్ గురించి. మా బ్రాంచిలో మనుషులు కూర్చునే టిల్స్ తగ్గించి మెషీన్లు పెంచారు, సాయంత్రం ఆరింటికి ఆ మెషీన్లన్నిటికీ కలిపి ఒకే మనిషి. మీరు బీరు స్కాన్ చేయగానే మెషీన్ తల మీద లైటు రంగు మారుతుంది, స్క్రీన్ మీద అప్రూవల్ కావాలని వస్తుంది. ఆ మనిషి అప్పటికే ఒకరి కూపన్ పనిచేయక, ఇంకొకరి సంచి బరువు తేడా వచ్చి, మరొకరి రీఫండ్ కోసం అటూ ఇటూ పరుగెడుతూ ఉంటుంది. మీరు నిలబడాలి, వెనక లైను చూస్తూ ఉంటుంది. ఇక్కడొక చిట్కా: వయసు వస్తువును అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి. చాలా మెషీన్లు ఆ అప్రూవల్ పెండింగ్‌లో ఉంచి మిగతావి స్కాన్ చేయనిస్తాయి, మీరు పాలూ బ్రెడ్డూ స్కాన్ చేసేలోపు ఆవిడ వచ్చి చూసి వెళ్తుంది. చివర్లో స్కాన్ చేస్తే ఆ వెయిటింగ్ అంతా మీ నెత్తినే. కెమెరా చూసి వయసు అంచనా వేసే మెషీన్లు కూడా 2022లో కొన్ని సూపర్ మార్కెట్లలో ట్రయల్ వేశారు. మా బ్రాంచికి రాలేదు, వస్తే అది నన్ను ఎంత వయసువాడిగా లెక్కేస్తుందో చూడాలని నాకు మాత్రం చిన్న కుతూహలం ఉంది.

నా సలహా, కత్తో మందో ఉంటే మనిషి ఉన్న టిల్‌కే వెళ్లండి. మా షాపులో ఒక పెద్దావిడ ఉంటుంది, లెస్టర్ మనిషి, అందర్నీ "డక్" అని పిలుస్తుంది, కార్డు అడిగేటప్పుడు కూడా మీ మీద అనుమానం ఉన్నట్టు కాకుండా మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టే అడుగుతుంది. కార్డు చూసి "అబ్బో, నా కొడుకు కంటే పెద్దవాడివే" అని నవ్వుతుంది. ఆవిడకు ఐదుకు ఐదు. ఇంకో టిల్‌లో పదిహేడేళ్ల కుర్రాడు ఉంటాడు, వాడి దగ్గరికి మందు తీసుకెళ్తే వాడే చెయ్యెత్తి సూపర్‌వైజర్ని పిలవాలి, ఎందుకంటే 18 నిండని ఉద్యోగి మందు అమ్మాలంటే ప్రతి అమ్మకానికీ పెద్దవాళ్ల ఓకే ఉండాలని చట్టం. కొనేవాడికి 30, అమ్మేవాడికి 17, ఇద్దరూ కలిసి మూడో మనిషి కోసం ఎదురుచూడటం చూస్తే నవ్వాగదు.

ఈ మనుషుల మీద కోపం తెచ్చుకోవద్దని గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఆ పక్క నిలబడ్డవాణ్ణే. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలు ఒక పెట్రోల్ బంకు షాపులో చేశా. మొదటి రోజు ట్రైనింగ్‌లో స్టాక్ ఎలా సర్దాలో చెప్పింది తక్కువ, వయసు గురించి చెప్పిందే ఎక్కువ. 18 నిండనివాడికి మందు అమ్మితే జరిమానా షాపుకే కాదు, అమ్మిన చేతికి కూడా పడుతుంది. అక్కడికక్కడే 90 పౌండ్ల పెనాల్టీ రాయొచ్చు, కోర్టు దాకా వెళ్తే జరిమానాకు పై పరిమితి లేదు. మూడు నెలల్లో రెండుసార్లు దొరికితే షాపు లైసెన్సుకే ఎసరు. పైగా ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్లు, అంటే షాపులు రూల్స్ పాటిస్తున్నాయో లేదో చూసే అధికారులు, నిజంగానే 18 నిండని పిల్లలను కస్టమర్లలా పంపి టెస్ట్ చేస్తారు, ఎవరు టెస్టో ఎవరు నిజమో మొహం మీద రాసి ఉండదు. గంటకు వచ్చే జీతం ఎంతో ఆలోచించండి, దాని కోసం వీసా మీద ఉన్నవాడు ఒక బీరు సీసా దగ్గర రిస్క్ తీసుకుంటాడా? ఎవరికైనా లేదని చెప్తే దాన్ని రిఫ్యూజల్ రిజిస్టర్‌లో రాయాలి, తేదీ, టైము, మనిషి ఎలా ఉన్నాడు, ఏం అడిగాడు అని. అవి రాసిన రాత్రుల్లో తిట్లు కూడా గట్టిగానే పడ్డాయి. షాపు ఉద్యోగుల మీద గొడవలు మొదలయ్యే సందర్భాల్లో దొంగతనం తర్వాత వయసు అడగడం ఒకటని వాళ్ల యూనియన్ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. స్కాట్లండ్ 2021లో దీనికోసం విడిగా చట్టమే తెచ్చింది. కాబట్టి కార్డు అడిగిన పిల్ల మీద అరిస్తే, పోయేది మన పరువే.

అయితే నా అసలు ఫిర్యాదు అడగడం మీద కాదు. ఏ కార్డు చెల్లుతుందన్న దాని మీద ఒక మాట మీద ఉండకపోవడం మీద. మందు విషయంలో షరతు స్పష్టంగానే ఉంది: ఫొటో, పుట్టిన తేదీ, హాలోగ్రామ్ గానీ అల్ట్రావయొలెట్ గుర్తు గానీ ఉండాలి. పాస్‌పోర్ట్, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్, పాస్ అనే హాలోగ్రామ్ ఉన్న వయసు కార్డులు, ఇవి అందరూ ఒప్పుకునేవి. మా పిన్ని కొడుకు కిందటి ఏడాది వచ్చాడు, వాడితో కలిసి ఇదే షాపులో కత్తి కొనడానికి వెళ్లాం. వాడు ధీమాగా ఆధార్ తీశాడు. చెల్లదు, సరే, అది వాళ్ల తప్పు కాదు, ఎక్కడో లెస్టర్‌లో టిల్ మీద కూర్చున్న అమ్మాయికి ఆధార్ ఏంటో ఎలా తెలుస్తుంది. అసలు మన దగ్గరే అది వయసుకు రుజువు కాదు, 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో వయసు తేల్చడానికి ఆధార్ కంటే స్కూలు సర్టిఫికెట్‌నే నమ్మింది. మనకు పుట్టిన తేదీ అంటే టెన్త్ మెమోయే కదా ఎప్పుడూ, బడిలో వేసినప్పుడు అయ్యవారు జూన్‌లో ఏదో ఒక తేదీ రాస్తే జీవితాంతం అదే పుట్టినరోజు. మా వాడికీ అలాంటిదే.

మర్నాడు పాస్‌పోర్ట్ పట్టుకుని వెళ్లాడు. ఆ రోజు కౌంటర్లో ఉన్నతను చూసి, ఇష్యూ అయిన తేదీని పుట్టిన తేదీ అనుకుని "నీకు ఐదేళ్లా?" అన్నట్టు చూశాడు, సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపించాక ఇచ్చాడు. సరే అనుకున్నాం. తర్వాత కొన్నాళ్లకు అదే పాస్‌పోర్ట్‌తో అదే షాపులో బీరు కొనబోతే ఇంకో మనిషి "యూకే ఐడీ మాత్రమే" అన్నాడు. వాదించలేదు, మేనేజర్ని పిలవమన్నాం, ఆవిడ వచ్చి ఏ దేశం పాస్‌పోర్టయినా ఓకే అంది. అది బాగుంది, కానీ ఆ పదిహేను నిమిషాలు? వెనక లైనులో ఉన్నవాళ్ల చూపులు? ఒకే కంపెనీ, ఒకే బిల్డింగు, రెండు సమాధానాలు. ఇంకొక ఫ్రెండు ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్‌తో అక్కడే రెండుసార్లు కొన్నాడు, మూడోసారి కుదరదన్నారు. అది ఇంటి అరుగు మీద కూర్చుని పెద్దమనుషులు చెప్పిన పంచాయితీలా తయారైంది, ఏ రోజు ఎవరు కూర్చుంటే ఆ రోజు ఆ తీర్పు.

పాతవాళ్లకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. ఇంతకుముందు మన దగ్గర బీఆర్‌పీ కార్డు ఉండేది, అంటే ఈ దేశంలో ఉండటానికి అనుమతి చూపించే కార్డు, గులాబీ రంగు ప్లాస్టిక్‌ది, పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లం, చాలా చోట్ల దాంతోనే పని నడిచేది. అవన్నీ 2024 డిసెంబర్ 31 కల్లా ఎక్స్‌పైర్ అయ్యాయి, ఇప్పుడంతా ఈవీసా. ఈవీసా అంటే వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే కనిపించే పేజీ, ఇల్లు అద్దెకిచ్చే వాడికో ఉద్యోగం ఇచ్చే వాడికో షేర్ కోడ్ పంపడానికి బాగుంటుంది, టిల్ దగ్గర దాన్ని తెరిచి చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో కూడా చెల్లదు, జిరాక్స్ చెల్లదు. అంటే కొత్తగా వచ్చినవాడికి చేతిలో మిగిలేది ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఒక్కటే. దాన్ని జేబులో పెట్టుకుని బస్సుల్లో తిరగడం, రాత్రి పార్టీలకు తీసుకెళ్లడం ఎంత డేంజరో చెప్పక్కర్లేదు. పోతే పోలీస్ రిపోర్టు, పాస్‌పోర్ట్ దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ ఆఫీసులో అపాయింట్‌మెంటు, కొత్తది వచ్చేదాకా ఇండియాలో ఏ అర్జెంటు పనొచ్చినా కదలలేని పరిస్థితి. ఆ టెన్షన్ ఒక కత్తికోసం అవసరమా?

కాబట్టి ప్రొవిజనల్ లైసెన్స్ తీసుకోండి. కారు నేర్చుకునే ఉద్దేశం లేకపోయినా సరే. ఆన్‌లైన్‌లో అయితే 34 పౌండ్లు, పోస్టులో ఫారం పంపితే 43. పచ్చ రంగు కార్డు వస్తుంది, దాని మీద ఫొటో, పుట్టిన తేదీ, అడ్రసు, అన్నీ ఉంటాయి, దాన్ని చూసి నాకు ఇప్పటిదాకా ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. ఇండియన్ లైసెన్స్ ఉన్నవాళ్లు వచ్చినప్పటి నుంచి 12 నెలలు దాంతో బండి నడపొచ్చు కాబట్టి "తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేస్తారు, వయసు రుజువు కోసమైనా ముందే అప్లై చేయడం మంచిది. పాస్‌పోర్ట్ పోస్టులో పంపాల్సి వస్తే మాత్రం ఇండియా టికెట్ లేని నెల చూసుకుని పంపండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు కథ వేరు. నాన్న తల నెరిసి, కళ్లజోడు పెట్టుకుని మెషీన్ దగ్గర వైన్ సీసా స్కాన్ చేస్తే కూడా లైటు వెలుగుతుంది, మెషీన్‌కి తల నెరిసిందా లేదా తెలియదుగా. దూరం నుంచే ఆ అమ్మాయి ఒక చూపు చూసి చేతిలోని డబ్బా మీద నొక్కేస్తుంది, రెండు సెకన్లు. "నన్నేమీ అడగలేదేంట్రా" అని ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. కానీ తమ్ముళ్లు గానీ కజిన్లు గానీ గుంపుగా వెళ్తే జాగ్రత్త. కొనేవాడి దగ్గర కార్డు ఉన్నా, పక్కన చిన్నగా కనిపించే వాడు ఏ బీరు తీయాలో వేలు పెట్టి చూపిస్తుంటే ఆపేస్తారు, ఎందుకంటే చిన్నవాళ్ల కోసం పెద్దవాళ్లు కొనివ్వడం కూడా నేరమే. మా ఇంట్లోవాళ్లం అందరం కలిసి వెళ్లిన ఒక శనివారం ఒక్కొక్కరినీ కార్డు అడిగారు, ఒకడు తేలేదు, మొత్తం మందు పక్కన పెట్టేశారు. అప్పటినుంచి ఒకరే వెళ్తున్నాం, మిగతావాళ్లు బయట.

ఆన్‌లైన్ డెలివరీ తీసుకుంటే తప్పించుకోవచ్చనుకోకండి. డ్రైవర్ గుమ్మం దగ్గర అడుగుతాడు. ముఖ్యంగా కత్తులకు, 2022 ఏప్రిల్ నుంచి ఇంటికి డెలివరీ ఇచ్చేటప్పుడు తీసుకునేవాడికి 18 నిండిందని చూడాలని చట్టం. కార్డు లేకపోతే ఆ వస్తువు వెనక్కి పట్టుకెళ్లిపోతాడు, డబ్బు వాపసు వస్తుంది. ఈ విషయంలో మా షాపు డెలివరీ వాళ్లకు ఫుల్ మార్కులు, ఆర్డర్ పెట్టేటప్పుడే బుట్టలో ఆ వస్తువు పక్కన "ఐడీ అడుగుతాం" అని చూపిస్తారు. వెబ్‌సైట్లో పెట్టగలిగినవాళ్లు షాపులో అర మీద ఎందుకు పెట్టలేరో నాకు అర్థం కాని విషయం.

ఇంటి దగ్గర సంగతి గుర్తు చేసుకుంటే ఇదంతా అతిగానే అనిపిస్తుంది, నిజమే. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ మందుకు వయసు 21, ఇక్కడికంటే మూడేళ్లు ఎక్కువే. కానీ వైన్స్ ముందు ఇనప గ్రిల్ లోంచి చెయ్యి పెట్టి డబ్బులిస్తే లోపలివాడు మొహం కూడా చూడడు, నోటు చూస్తాడు. పొగాకు చట్టం 2003లోనే వచ్చింది, 18 లోపు వాళ్లకు అమ్మడం నేరమని షాపు ముందు 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్ల బోర్డు పెట్టాలి, బడికి 100 గజాల లోపు అమ్మకూడదు. ఆ బోర్డు కిందే నిలబడి "నాన్న పంపాడు, రెండు గోల్డ్‌ఫ్లేక్" అని మా వీధి పిల్లలందరం తెచ్చినవాళ్లమే. హైదరాబాద్‌లో నన్ను వయసు అడిగిన చోటు ఒక్కటే, మల్టీప్లెక్స్‌లో "ఎ" సర్టిఫికెట్ సినిమా. అందుకే ఇక్కడికి రాగానే మనకు కొత్తగా ఉంటుంది. నాకైతే కాలం గడిచేకొద్దీ ఇక్కడి పద్ధతే నచ్చుతోంది, పదిహేనేళ్ల మేనల్లుడున్నవాడిని కాబట్టి.

మొత్తానికి ఐదుకు మూడున్నర. సిబ్బంది మర్యాదకు తగ్గించేదేమీ లేదు. అర మీద గుర్తు లేనందుకు ఒకటి కోశా, కార్డుల విషయంలో మనిషికో మాట చెప్పినందుకు ఇంకో సగం. మేనేజర్‌కి ఈ రెండూ రాసి పంపించా, మర్యాదగా జవాబిచ్చింది, చెల్లే కార్డుల లిస్టు స్టాఫ్ రూమ్‌లో పెట్టానంది, కస్టమర్లకు కనిపించేలా పెట్టడం హెడ్ ఆఫీసు చేతిలో ఉందట. కొత్తగా వచ్చేవాళ్లు మాత్రం ఆ లిస్టు కోసం ఆగకండి, కత్తి కొనే రోజు పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి, తిన్నగా ఇంటికొచ్చి పెట్టెలో పెట్టి తాళం వేయండి, ఆ వారమే ప్రొవిజనల్‌కి అప్లై చేయండి.